కిటికీ గట్టు కథా కమామీషు

దీపావళికి మా ఇంట్లో ప్రమిదలు పెట్టే పని పిల్లలది. మౌంట్ రాస్కిల్‌లో మా ఇంటికి వీధి అరుగు లేదు, తులసి కోట లేదు. గాలికి మాత్రం కొదవ లేదు. అందుచేత మా దీపాలు గుమ్మం ముందు కంటే, కర్టెన్లు పక్కకు కట్టేసిన కిటికీ లోపలి గట్టు మీదే ఎక్కువసేపు నిలుస్తాయి. కిందటేడు ప్రమిదల డబ్బా కోసం గరాజ్‌లో వెతుకుతూ మా అబ్బాయి ఒక పాత బకెట్టును బయటికి లాగాడు. అందులో ఇత్తడి పిడి ఉన్న ఒక స్క్వీజీ, అంటే అద్దం మీది నీళ్ళు లాగే రబ్బరు పట్టీ పనిముట్టు, ఎండి కొయ్యబారిపోయిన రెండు గుడ్డలు ఉన్నాయి.

"ఇదేంటి నాన్నా?" అన్నాడు.

"కిటికీలు తుడిచే సామాను."

"ఎవరిది?"

"నాదే. నేను విండో క్లీనర్‌గా పని చేసినప్పటిది."

వాడు నవ్వాడు. నేను హాస్యమాడుతున్నాననుకున్నాడు. "నువ్వు ఇంజనీరువి కదా!" అన్నాడు.

ఆ మాటకు నేనూ నవ్వేశాను కానీ, రాత్రి పడుకున్నాక మాత్రం మనసు కుదురుగా లేదు. పదిహేనేళ్ళ కొడుక్కి తండ్రి జీవితంలో పధ్నాలుగు నెలల సంగతి తెలియదు. తెలియకపోవడం వాడి తప్పు కాదు, నేను చెప్పలేదు. మన సంఘం పిక్నిక్‌లో ఎవరినైనా కదిపి చూడండి. "వచ్చిన కొత్తలో కొంచెం ఇబ్బంది పడ్డాం లెండి" అని ఒక్క వాక్యంలో ఒకటి రెండేళ్ళు దాటేస్తారు. ఆ ఒక్క వాక్యం లోపల టాక్సీలు, పెట్రోలు బంకులు, రాత్రిపూట ఆఫీసులు ఊడ్చే ఉద్యోగాలు ఉంటాయి. నా వాక్యంలో కిటికీలున్నాయి. ఈసారి సావనీరుకు వ్యాసం ఇమ్మని కమిటీవారు అడిగినప్పుడు, ఆ కిటికీల చరిత్రే రాద్దామనిపించింది. అందులోనూ అందరూ చూసే అద్దం గురించి కాదు, దాని కింద ఎవరూ చూడని గట్టు గురించి. ఇంగ్లీషువాళ్ళు దాన్ని సిల్ అంటారు. మా ఇంట్లో కిటికీ గట్టు అనేవాళ్ళం. గుమ్మానికి గడప ఎలాగో కిటికీకి గట్టు అలాగ. గడపకు పసుపు కుంకుమలు దక్కాయి. పాపం, గట్టుకు దుమ్ము దక్కింది.

ఆవు కన్ను, గాలి కన్ను

ముందు మాట సంగతి చూద్దాం. మనం రోజూ అనే 'కిటికీ' హిందీ 'ఖిడ్కీ'కి చుట్టం. సంస్కృతంలో దానికి గవాక్షం, వాతాయనం అని పేర్లున్నాయి. గవాక్షం అంటే ఆవు కన్ను. వాతాయనం అంటే గాలి నడిచే దారి. ఇంగ్లీషు 'విండో' అన్న మాట ఎక్కడిదా అని చూస్తే, పాత నార్స్ భాషలోని 'విండౌగ' నుంచి వచ్చిందట. దాని అర్థం గాలి కన్ను! మనవాళ్ళు ఒక మాటలో కన్నును, ఇంకో మాటలో గాలిని చూశారు. ఆ చలిదేశపు ఓడవాళ్ళు రెంటినీ ఒకే మాటలో కట్టేశారు. ఎవరి మాటలోనూ అద్దం ప్రసక్తి లేదు. కిటికీ పుట్టింది గాలి కోసం, వెలుతురు కోసం, పొగ పోవడం కోసం. అద్దం చాలా తర్వాత వచ్చిన చుట్టం.

పశ్చిమ గోదావరి వైపు గుంటుపల్లి గుహలు చూసినవారికి ఆ గుండ్రటి చైత్యం ముఖద్వారం మీది కమాను గుర్తుండే ఉంటుంది. క్రీస్తుకు పూర్వం బౌద్ధులు తొలిచిన రాయి అది. కానీ దాని ఆకారం చెక్క ఇంటిది. చెక్కతో కట్టే కమాను కిటికీని చూసి రాతిలో దింపారు. ఆ గుర్రపు నాడా ఆకారాన్నే శిల్ప శాస్త్రజ్ఞులు గవాక్షమంటారు. తర్వాత కొన్ని వందల ఏళ్ళపాటు మన గుళ్ళ శిఖరాల మీద అదే గవాక్షం అలంకారంగా నిలిచిపోయింది.

మా ఊళ్ళో మా ఇంటి కిటికీలకు అద్దాలు లేవు. ఇనుప చువ్వలు, చెక్క రెక్కలు. గట్టు మాత్రం వెడల్పుగా ఉండేది. దాని మీద నాన్నగారి పొడుం డబ్బా, అమ్మ దువ్వెన, ఆరబెట్టిన నిమ్మ తొక్కలు ఉండేవి. దీపావళినాడు అవన్నీ తీసేసి, తడిగుడ్డతో తుడిచి, ప్రమిదలు వరసగా పెట్టేది అమ్మ. గోడలో గూటికి, కిటికీ గట్టుకు తేడా మాకు తెలియదు. రెండూ దీపం పెట్టే చోట్లే.

అద్దం, పన్ను, ఒక ఇటాలియన్

ఇంగ్లండులో కిటికీ అద్దం ఒకప్పుడు ఆస్తిపరుల సరుకు. 1696లో అక్కడి ప్రభుత్వం కిటికీల మీద పన్ను వేసింది. ఇంట్లో ఎన్ని కిటికీలుంటే అంత పన్ను. బయట నిలబడి లెక్కపెట్టుకుంటే చాలు, ఇంట్లోకి వచ్చి ఆస్తులు వెతకనక్కరలేదని పన్నువాళ్ళ తెలివి. జనం తెలివి ఇంకా గొప్పది. కిటికీలను ఇటుకలతో పూడ్చేశారు. ఇప్పటికీ అక్కడి పాత ఇళ్ళకు గుడ్డి కిటికీలు కనబడతాయి. గాలీ వెలుతురూ అందక పేదల ఆరోగ్యం చెడిపోతోందని వైద్యులు మొత్తుకోగా మొత్తుకోగా, 155 ఏళ్ళ తర్వాత 1851లో ఆ పన్ను పోయింది. గాజు మీది సుంకం అంతకుముందే, 1845లో తీసేశారు. సరిగ్గా ఆ 1851లోనే లండన్‌లో జోసెఫ్ పాక్స్‌టన్ దాదాపు 3 లక్షల అద్దాలతో క్రిస్టల్ పాలెస్ కట్టి చూపించాడు. ఆ తర్వాత పెద్ద దుకాణాలు, ఆఫీసులు అద్దాల ముఖాలు తొడుక్కున్నాయి. 1959లో పిల్కింగ్‌టన్ కంపెనీవారు కరిగిన తగరం మీద కరిగిన గాజును తేల్చి, అలల్లేని అద్దం చేసే పద్ధతిని ప్రకటించారు. మన ఇళ్ళలో ఉన్నది ఆ అద్దమే.

ఇంత అద్దం వచ్చాక తుడిచేవాడు రావాలి కదా! మొదట్లో నీళ్ళూ గుడ్డా తోలూ మాత్రమే. అమెరికాలో బరువైన ఉక్కు పనిముట్టు ఒకటి ఉండేది. రెండు రబ్బరు పట్టీలు, బోలెడు మరలు. పట్టీ మార్చాలంటే మరలన్నీ విప్పాలి. 1922లో ఇటలీ నుంచి అమెరికా వచ్చిన ఎట్టోరె స్టెకోనె అనే ఆయన ఓక్లాండ్‌లో కిటికీలు తుడిచి బతికేవాడు. మన ఆక్లాండ్ కాదండోయ్, కాలిఫోర్నియాలోని ఓక్లాండ్. రోజంతా ఆ ఉక్కు బరువు మోసి మోసి విసిగి, తేలికపాటి ఇత్తడి పిడికి ఒకే ఒక్క రబ్బరు పట్టీ బిగించి కొత్త పనిముట్టు చేసి, 1936లో పేటెంటు తీసుకున్నాడు. ఇప్పటికీ ప్రపంచమంతటా కిటికీలు తుడిచేవాళ్ళ చేతుల్లో ఉన్నది దాని రూపమే. మా గరాజ్ బకెట్టులో ఉన్నదీ అదే.

ఈ సంగతి నాకు తెలిసిన రోజున కొంచెం ధైర్యం వచ్చిందని ఒప్పుకోవాలి. ఒక వలసవాడు పరాయి దేశంలో, చదువుతో నిమిత్తం లేని పనిలో ఉండి కూడా, ఆ పనిలోని ఇబ్బందిని ఇంజనీరు కళ్ళతో చూశాడు. పని చిన్నదే అయినా చూపు చిన్నదవనక్కరలేదని నాకు అప్పుడు అనిపించింది.

రాస్కిల్ ఇళ్ళు

ఇక మన పేటకు వద్దాం. మౌంట్ రాస్కిల్ అనే అగ్నిపర్వతానికి మావోరీ పేరు పుకేతాపాపా, చదునైన శిఖరం ఉన్న కొండ అని అర్థం. ఎత్తు 110 మీటర్లు. మన తిరుమల మెట్లెక్కినవాళ్ళకు అది కొండ కింద లెక్కే కాదు. మౌంట్ రాస్కిల్ 1947లో బరో అయింది, 1989లో ఆక్లాండ్ సిటీలో కలిసింది. మద్యం దుకాణాలకు 1999 దాకా చోటివ్వని నియోజకవర్గం కూడా ఇదే.

1935లో లేబర్ ప్రభుత్వం వచ్చాక ఈ దేశంలో ప్రభుత్వమే ఇళ్ళు కట్టి అద్దెకివ్వడం మొదలుపెట్టింది. మొదటి ఇల్లు 1937లో వెల్లింగ్టన్‌లోని మిరమార్‌లో తెరిచారు. ప్రధానమంత్రి మైకేల్ జోసెఫ్ సావేజ్ స్వయంగా భోజనాల బల్ల మోసుకుంటూ లోపలికి వెళ్ళిన ఫొటో ఇక్కడి పిల్లలందరికీ తెలుసు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మౌంట్ రాస్కిల్, వెస్లీ ప్రాంతాల్లో ఇలాంటి ఇళ్ళు వరసలు వరసలుగా లేచాయి. పెంకు కప్పు, చెక్క పలకల గోడలు, బయటికి తెరుచుకునే చెక్క రెక్కల కిటికీలు. మనలో చాలామంది మొదటి అద్దె ఇల్లు అదే.

ఆ ఇళ్ళు కట్టినవాళ్ళకు వానంటే భయం ఉండేది. వాళ్ళ కిటికీ గట్టును ఒకసారి వేలితో తడిమి చూడండి. బయటివైపు వాలుగా ఉంటుంది. గట్టు అడుగున ఒక సన్నటి గాడి ఉంటుంది. గట్టు మీద పడిన నీరు వాలు వెంట జారి, అంచుకు వచ్చి, కిందివైపు పాకబోతుంది. ఆ గాడి దగ్గర ఆగి చుక్కగా రాలిపోతుంది. గోడదాకా పోదు. మన కాలేజీలో రంగ్‌వాలా పుస్తకంలో 'త్రోటింగ్' అని చదువుకున్నది ఇదే. మన పీడబ్ల్యూడీ బంగళాల సన్‌షేడు అడుగున కూడా ఉంటుంది. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. బొమ్మ గీసి మర్చిపోయాను. దాని విలువ ఆక్లాండ్ వానలో తెలిసింది.

ఆ ఇళ్ళకు లేనిది వెచ్చదనం. కొత్త ఇళ్ళకు ఇన్సులేషన్ తప్పనిసరి అయిందే 1978లో. చలికాలం పొద్దున్నే లేచేసరికి అద్దాల లోపలివైపు చెమట పట్టి, ధారలు కట్టి, గట్టు మీద మడుగై నిలిచేది. రాత్రి మనం విడిచిన ఊపిరి, మనం వండిన పప్పు ఆవిరి, లోపలే ఆరేసిన బట్టల తడి అంతా అక్కడే. ఒక్క వారం తుడవకపోతే మూలల్లో నల్లటి బూజు. 2005లో పుట్టిన మా పెద్దమ్మాయి మొదటి చలికాలమంతా దగ్గింది. మా ఆవిడ రోజూ పొద్దున్నే కాఫీకి ముందే పాత తువ్వాలు పట్టుకుని గట్లన్నీ తుడిచేది. ఒటాగో విశ్వవిద్యాలయంవారు 1,350 ఇళ్ళలో చేసిన పరిశోధన 2007లో అచ్చయింది. పాత ఇళ్ళకు ఇన్సులేషన్ వేస్తే పిల్లికూతల ఆయాసం తగ్గిందనీ, పిల్లలు బడి మానడం తగ్గిందనీ తేల్చారు. అద్దె ఇళ్ళకు కనీస ప్రమాణాల నిబంధనలు 2019లో గానీ రాలేదు. ఆ మధ్యకాలమంతా ఈ దేశపు పిల్లల ఊపిరితిత్తులను కాపాడినవి తల్లుల చేతుల్లోని తువ్వాళ్ళే.

పాయింట్లు వచ్చాయి, పని రాలేదు

మనం ఇక్కడికెలా వచ్చామో కూడా రెండు ముక్కలు చెప్పుకోవాలి. 1986లో ఈ దేశం తన వలస విధానాన్ని తిరగరాసింది. ఏ దేశంవాడన్నది కాదు, ఏం చదివాడన్నది చూస్తామంది. 1987లో కొత్త చట్టం, 1991లో పాయింట్ల పద్ధతి వచ్చాయి. డిగ్రీకిన్ని, వయసుకిన్ని, అనుభవానికిన్ని. మన డాక్టర్లు, ఇంజనీర్లు లెక్కవేసుకుని దరఖాస్తులు పెట్టారు, వచ్చారు. వచ్చాక తెలిసింది, వీసా ఇచ్చే చేయి ఒకటి, వృత్తిలోకి రానిచ్చే చేయి మరొకటని. ఆ రోజుల్లో ఆక్లాండ్‌లో టాక్సీ ఎక్కితే డ్రైవరు డాక్టరు కావచ్చని అందరూ చెప్పుకునేవారు. నేను 2004లో, స్కిల్డ్ మైగ్రెంట్ పద్ధతి కొత్తగా వచ్చినప్పుడు, సివిల్ ఇంజనీరింగు డిగ్రీ, హైదరాబాద్‌లో అయిదేళ్ళ అనుభవం సంచిలో వేసుకుని దిగాను. ఎక్కడికెళ్ళినా ఒకటే మాట: "ఇక్కడి అనుభవం ఏముంది?" ఉద్యోగం ఇస్తే కదా అనుభవం, అనుభవం ఉంటే కదా ఉద్యోగం! ఈ చిక్కు మీలో చాలామందికి నేను విప్పి చెప్పనక్కరలేదు.

తెచ్చుకున్న డాలర్లు అయిదో నెలకు అడుగంటాయి. అప్పుడు దొరికాడు బాబాయి.

బాబాయి పాఠం

బాబాయి నాకు రక్తబంధువు కాదు, ఫిజీ తెలుగాయన. సాండ్రింగ్‌హామ్ రోడ్డు కూరల కొట్లో నేను మా ఆవిడతో తెలుగులో గోంగూర ధర గురించి గొణుగుతుంటే, వెనకనుంచి "ఏ ఊరు బాబూ మనది?" అన్న మాట వినబడింది. తాతల నాటి తెలుగు. మధ్యమధ్యలో ఫిజీ హిందీ కలిసిపోయి ఉంది.

ఫిజీకి గిర్మిట్ కూలీలను తీసుకెళ్ళడం 1879లో మొదలై 1916 దాకా సాగింది. మొత్తం సుమారు 60 వేల మంది. మద్రాసు రేవు నుంచి ఓడలు 1903లో మొదలయ్యాయి. మన తెలుగువాళ్ళు వెళ్ళింది ఆ ఓడల మీదే. బాబాయి తాతగారు విశాఖ జిల్లా నుంచి చెరకు తోటల్లోకి వెళ్ళారు. బాబాయి మాత్రం నాండీలో బడిపంతులు, లెక్కల మాస్టారు. 2000 మే నెలలో అక్కడ జరిగిన తిరుగుబాటు తర్వాత కుటుంబంతో ఇక్కడికి వచ్చేశారు. లెక్కల మాస్టారు కాస్తా నిచ్చెన, బకెట్టు, పాత వ్యాను కొని విండో క్లీనర్ అయ్యారు. నాకు గంటకింత అని ఇస్తానన్నారు. మర్నాడే వెళ్ళాను.

మొదటి రోజు నేను అద్దం మీద నీళ్ళు కొట్టి, స్క్వీజీతో ఎస్ ఆకారంలో లాగి, మెరుస్తున్న అద్దం చూసుకుని మురిసిపోయాను. బాబాయి అద్దం చూడనేలేదు. గట్టు మీద వేలు పెట్టి ఇటునుంచి అటు రాసి, ఆ వేలు నాకు చూపించారు. నల్లగా ఉంది.

"అద్దం దారిన పోయేవాడు చూస్తాడు బాబూ. గట్టు ఇంటామె చూస్తుంది. డబ్బులిచ్చేది ఆమె" అన్నారు.

ఆయన చెప్పిన క్రమం ఇప్పటికీ నాకు కంఠస్థం. ముందు నీళ్ళు ముట్టుకోకూడదు. పొడి బ్రష్షుతో సాలెగూళ్ళు, చచ్చిన ఈగలు, దుమ్ము ఊడ్చి తీసెయ్యాలి. దుమ్ము మీద నీళ్ళు పోస్తే బురదవుతుంది, అది మూలల్లోకి పోతే మళ్ళీ రాదు. అల్యూమినియం కిటికీ అయితే, కింది పట్టాలో నీరు బయటికి పోయే చిన్న చిన్న కన్నాలుంటాయి. వాటిలో మట్టి ఉందేమో చూసి పుల్లతో తీయాలి. తర్వాత లోపలి గట్టు మీద ఈ చివరనుంచి ఆ చివరకు తువ్వాలు పరవాలి. అప్పుడు అద్దం, పైనుంచి కిందికి. బకెట్టు నీళ్ళలో గిన్నెల సబ్బు రెండు చుక్కలు చాలు, నురగ ఎక్కువైతే చారలు పడతాయి. అద్దం అంచుల్లో మిగిలిన తడి వేరే పొడి గుడ్డతో. ఆఖరున గట్టు, దానికి మళ్ళీ వేరే గుడ్డ. అద్దం గుడ్డ గట్టుకు వాడితే ఆ గుడ్డ మళ్ళీ అద్దానికి పనికిరాదు. ముందు తడిగుడ్డ, వెంటనే పొడిగుడ్డ. తడి వదిలిపెడితే పెయింటు లేస్తుంది, బూజు పడుతుంది.

బూజు ఉన్నచోట పొడిగా గీకకూడదు, గాల్లోకి లేచి ముక్కులోకి పోతుంది. కిటికీ తెరిచి, చేతికి తొడుగులు వేసుకుని తడిగా తుడవాలి. బ్లీచ్‌నూ వినెగర్‌నూ ఎప్పుడూ కలపకూడదు, విషవాయువు పుడుతుంది. 1980కి ముందు కట్టిన ఇంట్లో పెయింటు పెచ్చులూడుతుంటే గరుకు కాగితం వెయ్యకూడదు, అందులో సీసం ఉండొచ్చు. పాకే పిల్లలున్న ఇంట్లో మరీ జాగ్రత్త. ఇవన్నీ నాకు ఏ కాలేజీలోనూ చెప్పలేదు.

మెత్తబడిన గట్టు

ఇక అసలు చెప్పదలచుకున్నది.

1990లలో ఈ దేశంలో ఇళ్ళ రూపు మారింది. మధ్యధరా సముద్ర తీరపు ఇళ్ళలా చదునైన ప్లాస్టరు గోడలు, చూరు లేని కప్పులు, మెడల్లాంటి బాల్కనీలు. 1991 బిల్డింగు చట్టం తర్వాత 'ఎలా కట్టాలి' అన్న నిబంధనలు పోయి 'ఫలితం ఎలా ఉండాలి' అన్న నిబంధనలు వచ్చాయి. గోడల చట్రానికి మందు పట్టించని పైన్ కలప వాడుకోవచ్చన్నారు. ప్లాస్టరు పలకను నేరుగా ఆ చట్రానికి బిగించేవారు. మధ్యన గాలి ఆడే ఖాళీ లేదు. కిటికీ కింద నీటిని బయటికి మళ్ళించే రేకు చాలాచోట్ల లేదు. దాని బదులు ఒక గొట్టం నుంచి పిండే జిగురు. జిగురు రెండు మూడేళ్ళలో పగులుతుంది. వాన కిటికీ మూలనుంచి లోపలికి దిగుతుంది. దిగిన నీరు బయటికి రాదు. చట్రం కుళ్ళుతుంది. రాస్కిల్‌లో చెక్క ఇళ్ళు కట్టిన పాత వడ్రంగులకు తెలిసిన వాలు, గాడి, చూరు, అన్నిటినీ ఒక్కసారిగా మర్చిపోయారన్నమాట. 2002లో డాన్ హన్ అధ్యక్షతన వేసిన కమిటీ ఈ సంగతులు బయటపెట్టింది. 2004లో కొత్త బిల్డింగు చట్టం వచ్చింది. 2009లో ఒక అంచనా ప్రకారం అలాంటి ఇళ్ళు సుమారు 42 వేలు, బాగు చేయడానికి అయ్యే ఖర్చు 1,130 కోట్ల డాలర్లు.

2005 మార్చిలో అలాంటి ఒక ఇంటికి మేం పనికి వెళ్ళాం. కొండవాలు మీద, తెల్లటి ఇల్లు, కట్టి ఆరేళ్ళయింది. ఒక ముసలామె ఒక్కర్తే ఉండేది. భర్త పోయాక పెద్ద ఇల్లు అమ్మి, 'ఇక రిపేర్లు ఉండవు' అని ఇది కొనుక్కుంది. మాకు టీ ఇచ్చేది. నేను పడకగది లోపలి గట్టు తుడుస్తుంటే, మూల దగ్గర పెయింటు చిన్న బుడగలా ఉబ్బి ఉంది. బొటనవేలితో నొక్కాను. వేలు లోపలికి దిగింది, నానిన రొట్టెలోకి దిగినట్టు. తడి మట్టి వాసన వచ్చింది.

నాకు తెలిసిపోయింది. పేపర్లలో రోజూ చదువుతున్నాను. పైగా ఇది నా చదువు. బయటికెళ్ళి చూశాను. కిటికీ కింద రేకు లేదు, మూలలో జిగురు పగిలింది.

బాబాయితో మెల్లగా అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. "మన పని అద్దం బాబూ. గోడ సంగతి మాట్లాడితే ఈ ఇల్లు పోతుంది, ఆమె చెప్పిన నాలుగిళ్ళూ పోతాయి. మనకెందుకు?" అన్నారు. ఆయనను నేను తప్పుపట్టను. నోరు విప్పినవాడికి కూలి పోయిన తోటల కథలు వింటూ పెరిగిన మనిషి. ఆయన ఆ మాట అనకపోయినా నేను చెప్పేవాణ్ణి కాదేమో. అప్పటికి నా మాట మీద నాకే నమ్మకం పోయింది. పది ఆఫీసులు 'నువ్వు ఇక్కడి ఇంజనీరువి కాదు' అంటే, పదకొండోసారి మనమే అనుకుంటాం.

మే నెలలో మళ్ళీ వెళ్ళాం. బుడగ పెద్దదయింది. తుడిచాను, ఆరబెట్టాను, వచ్చేశాను. జులైలో మూడోసారి వెళ్ళేసరికి చలికాలపు వాన సగం కురిసేసింది. గట్టు మూల నల్లబడి, కింద గోడ కూడా ఉబ్బింది. ఆ రోజు ఎందుకో, టీ కప్పు అందుకుంటూ ఉండగా నోరు దానంతటదే విప్పుకుంది. చెప్పాను. ఆమెను తీసుకెళ్ళి చూపించాను. ఆమె ఆ మూల మీద చెయ్యి వేసి చాలాసేపు ఊరుకుంది. తర్వాత ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"నీకు ఎప్పటినుంచి తెలుసు?"

"ఇవాళే చూశాను" అన్నాను.

అది అబద్ధం. ఇరవై ఏళ్ళయింది, ఈ మాట ఇప్పటిదాకా నేను ఎవరికీ చెప్పలేదు. వసంతం వచ్చేసరికి ఆ ఇల్లంతా నిచ్చెనలు, తెల్ల ప్లాస్టిక్ పరదాలు. ఆమె కూతురి ఇంటికి వెళ్ళిపోయింది. మార్చిలో చెప్పి ఉంటే ఆ ఇల్లు మొత్తం దక్కేదని కాదు, లోపల కుళ్ళు అంతకు ముందే మొదలయింది. కానీ ఒక చలికాలం వాన తగ్గేది. ఒక గోడో, కొంత డబ్బో మిగిలేది. నాలుగు నెలలపాటు నాకు తెలిసిన నిజాన్ని శుభ్రంగా తుడిచి ఆరబెట్టి వచ్చాను.

మరుసటి ఏడాది నాకు ఇంజనీరు ఉద్యోగం వచ్చింది. డిగ్రీ అదే, మనిషి అదే, చొక్కా మారింది. ఇప్పుడు నేను చెబితే వింటారు. బాబాయి పోయి ఆరేళ్ళయింది. ఆ స్క్వీజీ ఆయనదే.

ఆఖరి మాట

ఇదంతా ఎందుకు రాశానంటే, మన పిల్లలు మన డిగ్రీల పటాలు గోడ మీద చూసి పెరుగుతున్నారు. ఆ పటాల మధ్య ఖాళీల్లో ఏముందో వాళ్ళకు తెలియాలి. బకెట్టు పట్టుకున్నందుకు నేను సిగ్గుపడలేదని అబద్ధం చెప్పను, పడ్డాను. కానీ ఇప్పుడు వెనక్కి చూసుకుంటే ఆ పనిలో సిగ్గుపడాల్సింది ఏదీ లేదు. సిగ్గుపడాల్సింది ఆ నాలుగు నెలల మౌనం ఒక్కటే. గల్ఫ్‌లో అద్దాల మేడలు తుడుస్తున్న మన కరీంనగర్, నిజామాబాద్ కుర్రాళ్ళ గురించి ఆలోచించండి. మనకు ఒక ఏడాదో రెండేళ్ళో ఉన్న బకెట్టు వాళ్ళకు జీవితకాలం. వాళ్ళ కళ్ళకూ కనబడేవి ఉంటాయి, అడిగేవాళ్ళు లేరు.

మన రాస్కిల్ కూడా మారిపోతోంది. పాత ప్రభుత్వ ఇళ్ళను ఒక్కొక్కటే తీసేసి, రెండు పొరల అద్దాలతో కొత్త వరస ఇళ్ళు కడుతున్నారు. మంచిదే, పిల్లలు వెచ్చగా పడుకుంటారు. కానీ వాన మాత్రం అదే వాన. మన దీపావళి ఇక్కడ వసంతంలో వస్తుంది కనుక, ఇళ్ళు దులుపుకునే కాలం, పండుగ కలిసి వస్తాయి. ఈసారి గట్టు మీద దీపం పెట్టేముందు ఒకసారి మూలల్లో బొటనవేలితో నొక్కి చూడండి. గట్టిగా ఉంటే సంతోషం. మెత్తగా ఉంటే పెయింటు వేసి కప్పకండి, తెలిసినవాళ్ళను పిలవండి. మీ ఇంటికి కిటికీలు తుడవడానికి వచ్చిన మనిషి "అమ్మా, ఇక్కడ ఏదో తేడాగా ఉంది" అంటే, ఒక్క నిమిషం ఆగి వినండి. అతను ఏ దేశంలో ఏం చదువుకుని వచ్చాడో మనకేం తెలుసు?

కిందటేడు ఆ రాత్రి తర్వాత, మర్నాడు పొద్దున మా అబ్బాయికి అన్నీ చెప్పాను. ముసలామె ప్రశ్నతో సహా, నా జవాబుతో సహా. వాడు ఏమీ అనలేదు. కాసేపటికి ఆ స్క్వీజీ కడిగి, కొత్త రబ్బరు పట్టీ ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. ఇద్దరం కలిసి ముందు గదిలో కిటికీ తుడిచాం. వాడు అద్దం తుడిచాడు, నేను గట్టు తుడిచాను. సాయంత్రం మా ఆవిడ అక్కడే ప్రమిదలు పెట్టింది.